ఐసు గదిలో ఈల

పిఠాపురం నించి ఉప్పాడ వెళ్లే దారిలో, కొబ్బరితోటలు మొదలయ్యే చోట, ఒక పాత ఐసు ఫ్యాక్టరీ ఉండేది. దాని వెనక గదికి మంచి పేరు లేదు. పొద్దుగూకాక అటు సైకిలు మీద వెళ్లేవాళ్లు బెల్లు కొట్టేవారు కాదు. పక్కకి చూసేవారు కాదు. తల వంచుకుని గబగబా తొక్కేసేవారు.

ఎందుకంటే ఆ గదిలో ఈల వినిపిస్తుంది.

సన్నటి ఈల. ఊపిరి చాలని మనిషెవరో పెదాలు బిగించి, ఆగి... ఆగి... వేస్తున్నట్టు.

దాని వెనక కథ ఇలా చెప్పుకునేవారు. ఉప్పాడ చేపలకి అక్కడే ఐసు తయారయ్యే రోజుల్లో గంగయ్య అనే కూలీ దిమ్మలు సర్దడానికి ఆ గదిలోకి వెళ్లాడు. లోపల మనిషి ఉన్నాడని చూసుకోకుండా ఎవరో బయట గడియ పెట్టేశారు. చల్లదనం పోకుండా గోడలకి జానెడు మందాన బెండు పలకలు బిగించిన గది అది. ఎంత అరిచినా బయటికి రాదు. అరిచి అరిచి గొంతు పోయాక ఈల వేశాడట, పాపం. తెల్లారి తలుపు తీసేసరికి పెదాలు ఇంకా ఈల వేస్తున్నట్టే ఉన్నాయని చెబుతారు. చూసిందెవరని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ స్థలాన్ని ఒక ట్రస్టు వాళ్లు కొని చిన్న విశ్వవిద్యాలయం పెట్టారు. అక్కడ డాక్టర్లు తయారు కారు. డాక్టరు పక్కన నిలబడేవాళ్లు తయారవుతారు. ఎక్స్‌రే తీసేవాళ్లు, రక్తం పరీక్ష చేసేవాళ్లు, పక్షవాతం వచ్చిన కాలుకి మళ్లీ నడక నేర్పేవాళ్లు. వాళ్లలోనే, వినికిడి పరీక్షించి మాట నేర్పేవాళ్లు.

వినికిడి పరీక్షకి బయటి చప్పుడు చొరబడని గది కావాలి. అలాంటిది కొత్తగా కట్టించాలంటే మాటలు కాదు. బెండు గోడల గది కళ్ల ముందే ఉంది. గోడకి అద్దం కిటికీ పెట్టించి, లోపల ఒక కుర్చీ వేసి, మెషీను బయట పెట్టారు. పరీక్షకి వచ్చినవాళ్లు హెడ్‌ఫోన్లు తగిలించుకుని లోపల కూర్చుంటారు. బయటివాళ్లు మీట నొక్కి, మోటు స్వరం నించి సన్న స్వరం దాకా ఒక్కొక్కటే వదులుతారు. వినిపిస్తే వేలు ఎత్తాలి. అంతే పరీక్ష.

గంగయ్య గది కాస్తా అలా చెవుల గది అయింది. ఈల మాత్రం పోలేదని చెప్పుకునేవారు.

రెండువేల మూడులో హారతి అక్కడ ఆఖరి సంవత్సరం చదువుతోంది. నిడదవోలు దగ్గర వరి రైతుల పిల్ల. ఆమె నాయనమ్మ పాపాయమ్మకి ముప్పయ్యేళ్లు నిండకుండానే చెవులు పోయాయి. ఇంట్లో ఎవరు నవ్వినా తనని చూసే నవ్వుతున్నారనుకుని ఆవిడ వంటింటి గడప దగ్గరే కూర్చునేది. ఆవిడ పక్కన కూర్చుని పెరిగిన పిల్ల హారతి. ఇంటర్ అవగానే ఇంట్లోవాళ్లు నర్సింగు అన్నారు. హారతి ఈ కోర్సు పేరు చెప్పింది.

హారతికి డిపార్ట్‌మెంటులో ఇంకో పేరుంది. తూకంరాయి.

ఆ పేరు పెట్టింది వాళ్ల సార్ శివరామకృష్ణ గారు. ఆ మెషీనుకి రోజూ పొద్దున్నే ఒకసారి ఒళ్లు చూడాలి. చెవులు బాగా ఉన్నవాళ్లెవరో ఒకరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అతి చిన్న స్వరం కూడా సరిగ్గా అందుతోందో లేదో చెప్పాలి. ఆ తర్వాతే జనానికి పరీక్షలు. మొదటి సంవత్సరంలో క్లాసందరినీ పరీక్షిస్తే హారతి చెవులే అన్నిటికంటే చురుకుగా తేలాయి.

"మనకి తూకంరాయి దొరికిందయ్యా," అని సార్ మురిసిపోయారు. అప్పటినించి మెషీను మంచిచెడ్డలు తేల్చేది హారతి చెవే. ఇంకొకరిని కూర్చోబెట్టే పనే లేకపోయింది.

ఆమె స్నేహితురాలు సత్యశ్రీ ఆ మాట పట్టుకుని వదిలేది కాదు. "తూకంరాయి గారూ, భోజనానికి దయచేస్తారా, పళ్లెం ఇక్కడికే తెమ్మంటారా?"

ఆ వేసవిలో మెషీనుకి కొంచెం జబ్బు చేసింది. పిచ్చుక కూతలాంటి సన్న స్వరం దగ్గర నీరసపడింది. ముందు వినిపించినంత చిన్నగా పెడితే హారతికి అందడం లేదు.

"దానికీ వయసు మీద పడుతోంది," అన్నారు సార్. "విశాఖపట్నం నించి మెకానిక్కు వచ్చేదాకా, ఆ స్వరం దగ్గర ఎంత లోపం కనిపించినా కొంత తగ్గించి రాయండి. అది చెవి తప్పు కాదు, మెషీను తప్పు." మెకానిక్కు రాలేదు. వానలు మొదలయ్యాక ఇంకొంచెం తగ్గించి రాయమన్నారు. మెషీను సంగతి అలా ఉంచితే, డిపార్ట్‌మెంటుని నిజంగా పట్టి పీడించింది ఈల.

ఎవరూ ఒంటరిగా గదిలోకి వెళ్లేవారు కాదు. ఒకనాటి సాయంత్రం ఇద్దరూ లోపల కుర్చీ తుడుస్తుంటే సత్యశ్రీ చటుక్కున హారతి చెయ్యి పట్టేసుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి.

"విన్నావా?"

"నన్ను బెదిరించడం నీ వల్ల కాదులేవే," అంది హారతి నవ్వి. సత్యశ్రీ నవ్వలేదు.

ఆ భయం పేషెంట్లకీ పాకింది. లోపల కూర్చోబెట్టిన పిల్లలు ఉన్నట్టుండి ఏడుపు లంకించుకునేవారు. తల్లులు బిడ్డలని చంకనేసుకుని వెళ్లిపోయేవారు. అలా వెళ్లిపోయినవాళ్లలో లోవలక్ష్మి ఒకతి.

లోవలక్ష్మిది ఉప్పాడ. చేపలమ్ముకుని బతికే మనిషి. కూతురు సాయిదుర్గకి ఐదేళ్లు నిండాయి గానీ ఒక్క మాట రాదు. హారతి ఆ పిల్లకి ఆర్నెల్లుగా పాఠం చెబుతోంది. డప్పు మీద చెయ్యి పెట్టించి అదురు చూపిస్తుంది. అదురు తెలిసినప్పుడల్లా వేలు ఎత్తడం నేర్పింది. పిల్లకి ఆ ఆట ఎంత నచ్చిందంటే, ఎవరు వేలు ఎత్తినా తనూ ఎత్తి నవ్వుతుంది.

పై వారం కాకినాడలో క్యాంపు ఉంది. చెవి మెషీన్లు ఇస్తారు. ఐసు గదిలో పరీక్ష చేసి లోపం ఎంతో తేల్చి పంపితేనే ఇస్తారు. ఈ క్యాంపు తప్పితే మళ్లీ ఏడాది దాకా లేదు. నాటుకి అదను ఉన్నట్టే మాటకీ ఉంటుంది. ఆ వయసు దాటాక ఎన్ని మెషీన్లు తగిలించినా మాట సరిగ్గా నాటుకోదు. హారతికి రాత్రిళ్లు నిద్రలో కూడా అదే ధ్యాస.

మొదటిసారి పరీక్షకి పిల్లని ఒళ్లో పెట్టుకుని లోపల కూర్చున్న లోవలక్ష్మి, సగంలో లేచి బయటికి పరిగెత్తుకొచ్చింది.

"నా సెవులతో ఇన్నానండి," అంది రొప్పుతూ. "మా పిల్లని ఇంక అందులో ఎట్టనండి."

"సాయిదుర్గ భయపడిందా, చెప్పు. హాయిగా కూర్చుంది కదా," అంది హారతి.

లోవలక్ష్మి వింతగా చూసింది. "ఇనపడనోళ్లకి బయమేంటమ్మా?"

హారతి పట్టు వదల్లేదు. చేపలు ఎండబెట్టే ఇసకలోకి, ఉప్పాడ ఇంటికి వెళ్లి బతిమాలింది. చివరికి లోవలక్ష్మి ఒక మాట అంది.

"ఒక్క రాత్రి మీరు ఆ గదిలో ఉండి రండి. ఏమీ లేదని మీ నోటితో సెప్పండి. అప్పుడు తెత్తాను పిల్లని."

"ఉంటాను," అంది హారతి.

సత్యశ్రీ నెత్తి కొట్టుకుంది. "నువ్వు చెబితే ఆవిడ నమ్మాలిగా. పిల్లల మాటలు రికార్డు చేసే టేప్‌రికార్డరు పట్టుకెళ్లు. ఈల ఉంటే అందులో పడుతుంది, లేకపోతే లేదు. రేపు పొద్దున్న మీ నిడదవోలికి ఏమని ఫోన్ చెయ్యాలో అది కూడా చెప్పి వెళ్లు."

కార్తీకమాసం. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ చేలగట్టు మీదుగా బయల్దేరారు. తూర్పు నించి సముద్రం గాలి విసురుగా కొడుతోంది. టార్చి వెలుగులో కొబ్బరాకులు ఊగుతున్నాయి. ఇటూ అటూ కోతకొచ్చిన వరి.

నడుస్తూ నడుస్తూ హారతి ఒక సంగతి గమనించింది...

కీచురాళ్లు అరవడం లేదు.

ఈ రోజుల్లో చేల మధ్య ఒకటే రొద ఉండాలి. ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నీ ఒక్కసారి నోళ్లు మూసుకున్నట్టు... ఒళ్లు జలదరించింది. సత్యశ్రీతో అంటే అసలే భయస్తురాలు, వెనక్కి లాక్కుపోతుందని పైకి అనలేదు.

గది దగ్గర వాచ్‌మన్ బుల్లబ్బాయి తాళంచెవితో నిలబడి ఉన్నాడు. ఐసు ఫ్యాక్టరీ రోజుల నించీ ఉన్న మనిషి.

"ఆయ్, తలుపు దగ్గరికి ఏత్తానండి. గడియ మాత్రం ఎట్టను. నా సేత్తో ఆ పని సెయ్యలేనండి."

సత్యశ్రీ హాస్టలుకి వెళ్లిపోయింది. బుల్లబ్బాయి గేటు దగ్గర మంచం మీదికి చేరాడు. ఆ లావుపాటి తలుపు మూసుకుంది.

హారతి చాప పరుచుకుని కూర్చుంది. పక్కన బ్యాటరీలతో నడిచే టేప్‌రికార్డరు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె. రికార్డు మీట నొక్కింది. క్యాసెట్టు తిరగడం మొదలుపెట్టింది.

కాసేపటికి కరెంటు పోయింది.

చీకటి. ఆ గదిలో చీకటి బయటి చీకటి లాంటిది కాదు... గుడ్డ నోట్లో కుక్కినట్టు ఉంటుంది. హారతి తడుముకుని కొవ్వొత్తి వెలిగించింది. జ్వాల నిటారుగా నిలబడింది. తలుపు మూసి ఉంది. ఫ్యాను లేదు. కిటికీ లేదు, ఆ అద్దం తప్ప. అది కూడా తెరుచుకునేది కాదు.

చెవులు రిక్కించింది. తన గుండె తనకే వినిపిస్తోంది. ఇంకేమీ లేదు.

"ఏదీ నీ ఈల?" అనుకుంది మనసులో.

అప్పుడు... జ్వాల వంగింది.

మెల్లగా, ఒక పక్కకి. ఎవరో దగ్గరగా ముఖం పెట్టి పెదాలు బిగించి ఊదుతున్నట్టు... వంగి, లేచి, మళ్లీ వంగింది.

హారతి కదల్లేదు. కళ్లు మాత్రం మెల్లగా గది చుట్టూ తిప్పింది. బెండు పలకలు. ఖాళీ కుర్చీ. కుర్చీ కొక్కేనికి వేలాడుతున్న హెడ్‌ఫోన్లు. ఎవరూ లేరు. మెడ వెనక వెంట్రుకలు కదిలాయి. చల్లటి ఊపిరి తగిలింది. తగిలి, ఆగింది. మళ్లీ తగిలింది.

చప్పుడు లేదు. చప్పుడంటూ ఉంటే ఇంత భయం ఉండేది కాదేమో.

"గంగయ్య గారూ..." గుటక వేసి, గుసగుసగా అంది. "ఉంటే ఉండండి. మీకు అన్యాయమే జరిగింది. పిల్లలని మాత్రం భయపెట్టకండి... ఒక్క పిల్ల ఉంది. దానికి అదను దాటిపోతోంది."

జ్వాల ఇంకా వంగింది. వంగి, ఆరిపోయింది.

తర్వాత ఎంతసేపు ఎలా గడిచిందో హారతికి సరిగ్గా గుర్తు లేదు. టేప్‌రికార్డరు మీద చెయ్యి పెట్టి, లోపల చక్రం తిరుగుతున్న అదురు అరచేతికి తెలుస్తుంటే, ఆ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంది. క్యాసెట్టు అయిపోయి మీట పైకి లేచింది. తెల్లారేదాకా ఈల మాత్రం వినిపించలేదు. అది ఒట్టేసి చెప్పగలదు.

పొద్దున్న బుల్లబ్బాయి తలుపు తీసి, ఆమె బతికే ఉందని చూసి దణ్ణం పెట్టాడు.

ఎండ ఎక్కేసరికి అందరూ మెషీను గదిలో చేరారు. లోవలక్ష్మి చేపల తట్ట బయట దింపి, పిల్లని తీసుకుని వచ్చింది. శివరామకృష్ణ గారు, సత్యశ్రీ బల్ల దగ్గర నిలబడ్డారు. బుల్లబ్బాయి గుమ్మంలో ఉన్నాడు. హారతి కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ ముఖం వెలిగిపోతోంది.

"గాలి ఎక్కణ్నించో వస్తోంది సార్. ఎక్కడో తెలియదు. ఈల మాత్రం లేదు. నేను నోటితో చెప్పడం ఎందుకు, మీరే వినండి."

క్యాసెట్టు మొదటికి తిప్పి మీట నొక్కింది.

టేపు బుస. తను గొంతు సవరించుకున్న చప్పుడు. మళ్లీ బుస... అంతే. ఒక నిమిషం గడిచింది. ఇంకొకటి గడిచింది. "గంగయ్య గారూ..." అని తన గొంతే వినిపించేసరికి కొంచెం సిగ్గేసింది. నవ్వుతూ తలెత్తింది.

"చూశారా? ఏమీ లే—"

ఎవరూ నవ్వడం లేదు.

లోవలక్ష్మి పిల్లని పమిటలో చుట్టేసి గోడకి ఆనుకుపోయింది. సత్యశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గుమ్మంలో బుల్లబ్బాయి రెండు చేతులూ జోడించేశాడు. సార్ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని టేప్‌రికార్డరు వంకే చూస్తున్నారు.

ఆ గదిలో మామూలుగా ఉన్నవాళ్లు ఇద్దరే. హారతి, సాయిదుర్గ. తల్లి పమిటలోంచి తల బయటికి పెట్టి, సాయిదుర్గ హారతిని చూసి నవ్వింది.

"ఆపవే," అంది సత్యశ్రీ గొణుగుతూ. "దణ్ణం పెడతాను, ఆపు."

"ఏం ఆపాలి?"

"రాత్రి ఇంతసేపు ఇది వింటూ ఎలా కూర్చున్నావే నువ్వు?"

హారతి ఆమె ముఖంలోకి చూసింది. ఆటపట్టించేటప్పుడు సత్యశ్రీ ముఖం ఎలా ఉంటుందో హారతికి తెలుసు. ఇది ఆ ముఖం కాదు.

"సార్," అంది. "ఏమైనా వినిపిస్తోందా మీకు?"

సార్ టేపు ఆపారు. చాలా మామూలుగా అడిగినట్టు అడిగారు.

"రాత్రి కీచురాళ్లు బాగా అరిచాయా అమ్మా?"

"లేదండి. అదే నాకూ వింతగా ఉంది. ఒక్కటీ అరవలేదు."

"అదేంటండి," అన్నాడు బుల్లబ్బాయి గుమ్మంలోంచి. "వాటి గోలకి నాకు తెల్లారిందాకా నిద్దరట్టలేదండి."

సార్ మెల్లగా ఐసు గదిలోకి వెళ్లి, హెడ్‌ఫోన్లు తెచ్చి మెషీనుకి తగిలించారు. అన్నాళ్లలో మొదటిసారి హెడ్‌ఫోన్లు తన చెవులకి పెట్టుకున్నారు. పిచ్చుక కూతలాంటి ఆ సన్న స్వరం దగ్గరికి తిప్పి, అతి చిన్నగా పెట్టి, మీట నొక్కారు. మళ్లీ నొక్కారు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి సత్యశ్రీకి ఇచ్చారు. సత్యశ్రీ పెట్టుకుంది. వేలు ఎత్తింది. ఎత్తిన వేలు అలాగే ఉండగా ఏడుపు ఆపుకుంది.

"మెషీను బాగానే ఉంది," అన్నారు సార్. "వేసవి నించీ బాగానే ఉంది."

కుర్చీలో కూలబడి, తనలో తను మాట్లాడుకున్నట్టు అన్నారు. "వచ్చిన ప్రతి పిల్లకీ తగ్గించి రాశాం. లోపం లేదు, బాగానే ఉందని ఎంతమందిని ఇంటికి పంపేశామో..."

హారతికి ఆ మాటలు స్పష్టంగానే వినిపించాయి. ఒక్కటీ తప్పిపోలేదు. మాటలు ఇంకా బాగా వినిపిస్తున్నాయి.

నాయనమ్మకి కూడా మొదట్లో మాటలు బాగానే వినిపించేవట. సన్న చప్పుళ్లే ముందు పోయాయట.

జ్వాల ఎటు వంగిందో ఆమె చెబితే, సార్, బుల్లబ్బాయి కలిసి దానికి ఎదుటి పక్క బెండు పలక ఊడదీశారు. వెనక గోడలో రూపాయి బిళ్లంత కన్నం ఉంది. అది తోటలోకి, సముద్రం వైపుకి తేలింది.

"అమోనియా గొట్టం ఉండేదండి ఇక్కడ," అన్నాడు బుల్లబ్బాయి. "ఫ్యాక్టరీ మూసేటప్పుడు పీక్కుపోయారు. కన్నం అలా వదిలేశారు కామోసు." అరచెయ్యి అడ్డం పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. అతను చెయ్యి తీసినప్పుడల్లా లోవలక్ష్మి ఉలిక్కిపడింది. పెట్టినప్పుడల్లా తేరుకుంది. మూడోసారికి ఆమె ముఖంలో ఏదో వదిలిపోయింది.

"గాలేనా అండీ? గంగయ్య కాదా?"

"గాలే," అన్నారు సార్.

కన్నంలో కొబ్బరిపీచు కూరి, పైన సిమెంటు మెత్తారు. లోవలక్ష్మి తనే పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్లింది. కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తన చేత్తోనే తగిలించింది. సార్ మీట నొక్కుతుంటే, సత్యశ్రీ లెక్క రాసింది. ఈసారి ఏదీ తగ్గించి రాయలేదు. ఎక్కడో బాగా మోటు స్వరం దగ్గర, బాగా గట్టిగా పెట్టాక, సాయిదుర్గ కళ్లు పెద్దవయ్యాయి. వేలు ఎత్తింది. క్యాంపుకి అది చాలు. చెవి మెషీను తగిలిస్తే అందుతుంది.

లోవలక్ష్మి హారతి చేతులు రెండూ పట్టుకుంది. చేపల వాసన చేతులు.

హారతి కళ్లు తుడుచుకుంది. తర్వాత ఎవరూ చెప్పకుండానే గదిలోకి నడిచింది. కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మూడేళ్లుగా ఎంతోమందికి చెప్పిన మాటే. వినిపిస్తే వేలు ఎత్తాలి.

బుల్లబ్బాయి తలుపు దగ్గరికి వేశాడు.

అద్దం అవతల సార్ తల వంచుకుని ఉన్నారు. సత్యశ్రీ పక్కకి తిరిగి నిలబడింది. లోవలక్ష్మి చంకలోంచి సాయిదుర్గ అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది.

కన్నం పూడిపోయింది. గది ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. హారతి కళ్లు మూసుకుంది. ఊపిరి బిగబట్టింది.

అప్పుడు... వినిపించింది.

సన్నగా. ఎక్కడో లోపలి నించి. ఊపిరి చాలని మనిషెవరో పెదాలు బిగించి, ఆగి... ఆగి... వేస్తున్నట్టు.

అమ్మయ్య, అనుకుంది. వినిపిస్తోంది. నాకు వినిపిస్తోంది.

కళ్లు తెరిచి, నవ్వుతూ వేలు ఎత్తింది. అద్దం అవతల సాయిదుర్గ కూడా నవ్వి వేలు ఎత్తింది.

సార్ ఉలిక్కిపడి తలెత్తారు. ఆయన చెయ్యి ఇంకా ఒళ్లోనే ఉంది. మీట నొక్కనే లేదు.